ఐన్‌స్టీన్ ఫ్రిజ్

"కంప్రెసర్ పోయిందండీ, మార్చాల్సిందే" అంటూ మెకానిక్ ఫ్రిజ్ వెనక నుంచి లేచాడు. పాలగిన్నె చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడి ఉన్నా. ఎందుకో ఐన్‌స్టీన్ గుర్తొచ్చాడు!

నవ్వకండి. ఆయనా, భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డూ కలిసి కంప్రెసరే అక్కర్లేని ఫ్రిజ్‌కి 1930లో అమెరికా పేటెంట్ తీసుకున్నారు. అప్పటి ఫ్రిజ్‌లలో వాడేవి విషవాయువులు. అవి లీకై బెర్లిన్‌లో ఒక కుటుంబం చనిపోయిందన్న వార్త చదివి ఈ పనికి దిగారట. తిరిగే భాగాలు లేకపోతే, వాటి సీళ్ల దగ్గర లీకయ్యే బెడదా ఉండదు కదా. ఇంతలో ఫ్రిజ్‌లలో వాడే, విషం కాని ఫ్రియాన్ వాయువు వచ్చింది. వీళ్లది బజారు మొహమే చూడలేదు.

ఐన్‌స్టీన్ స్విట్జర్లాండ్‌లోని బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఏళ్లతరబడి ఊళ్లోవాళ్ల దరఖాస్తులు చూసిన మనిషాయె, ఊరుకుంటాడా? 1936లో డాక్టరు గుస్తావ్ బకీతో కలిసి, వెలుతురును బట్టి తనంతట తానే సర్దుకునే కెమెరా. అంతకుముందే ఇంజనీరు గోల్డ్‌ష్మిట్‌తో వినికిడి యంత్రం.

అన్నిటికన్నా నాకు నచ్చింది మాత్రం ఆయన పేరు మీదున్న చొక్కా డిజైన్. సన్నబడినా లావెక్కినా సరిపోయేలా రెండు వరసల గుండీలట!

సంక్రాంతి అరిసెల తర్వాత నాకు కావాల్సింది అదే. కుట్టే దర్జీ ఎవరైనా తెలిస్తే చెప్పండి.