ఎస్సే పేపర్‌కి కొటేషన్ల పీడీఎఫ్ అడుగుతున్న తెలుగు మీడియం వాళ్ళకి

సివిల్స్ రిజల్ట్ వచ్చిన దగ్గర్నుంచి ఒకటే మెసేజ్‌లు, "అన్నా, ఎస్సేకి ఏం చదివావ్, కొటేషన్ల పీడీఎఫ్ ఉంటే పెట్టు" అని. లేదు తమ్ముడూ, నా దగ్గర అలాంటిదేం లేదు. జీఎస్ (జనరల్ స్టడీస్), ఆప్షనల్ అందరూ చదివేవే నేనూ చదివా, వాటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు. మార్కులు లాగింది ఎస్సేనే.

టాపిక్స్ ఈమధ్య ఎలా ఉంటున్నాయో మీకు తెలిసిందేగా. 2022లో చూడండి, ఒకే నదిలో రెండుసార్లు దిగలేవని గ్రీకు తత్వవేత్త హెరాక్లిటస్ మాట ఒకటి, కవులే ఈ లోకానికి గుర్తింపు లేని శాసనకర్తలని ఇంగ్లీష్ కవి షెల్లీ మాట ఒకటి. ఈ రెండోది ఇంట్లో టైం పెట్టుకుని రాస్తుంటే వేమన, గురజాడ, శ్రీశ్రీ తలా ఒక లైన్ వేసేసరికి సరుకు అయిపోయింది. అప్పుడు కన్యాశుల్కం ముందుమాట తీశా. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ (డబ్బిచ్చి ఆడపిల్లని కొనుక్కునే పెళ్ళిళ్ళ) లిస్ట్ విజయనగరం మహారాజు తీయిస్తే 1034 తేలాయట, అందులో ఐదేళ్ళ పిల్లలే 99 మంది! నాటకం స్టేజి ఎక్కింది 1892లో, బాల్య వివాహాల్ని ఆపే శారదా చట్టం వచ్చింది 1929లో, అంటే చట్టసభ కంటే 37 ఏళ్ళ ముందే కవి తీర్పు చెప్పేశాడు, షెల్లీ గెలిచాడు అనుకున్నా. కానీ ఆ చట్టం ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళు ఉండాలందే గానీ శుల్కం జోలికి పోలేదు.

అదిగో, అక్కడ దొరికింది నాకు రెండో వైపు, కవి మాట శాసనం కాదనే వైపు. ఇక వరసగా అందర్నీ అలాగే నిలదీశా. "రాజుల్ మత్తులు" (రాజులు మదమెక్కినవాళ్ళు) అని తిట్టిన ధూర్జటి రాయల ఆస్థానంలోనే ఉన్నాడంటారు, ఆయన తిట్టాడని ఏ రాజు దిగిపోయాడు? జాషువా గబ్బిలం (1941)లో గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు, దానికైతే గుళ్ళోకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కదా. అంటరానితనాన్ని రద్దు చేస్తూ 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం కవులు రాసింది కాదు, కానీ అది ఎందుకు కావాల్సొచ్చిందో గబ్బిలం చదివినవాడికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఇలా ఒప్పుకునేవాణ్ణీ అడ్డం తిరిగేవాణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెడితే 1200 పదాలు చాలవు. నది టాపిక్ కూడా అంతే, అంతా మారేదే అన్న బుద్ధుడు ఒకవైపు, రాజు నిద్రా బంటు నిద్రా ఒకటే అంటూ మారనిదాన్ని చూపించిన అన్నమయ్య ఇంకోవైపు.

ఇంగ్లీష్‌కి మారిపో, తెలుగులో రాస్తే మార్కులు రావు అన్నవాళ్ళు బోలెడుమంది. ప్రశ్నేమో ఇంగ్లీష్, హిందీలో ఇస్తారు, మనం తెలుగులో రాయాలి, కష్టమే, కాదనట్లేదు, కానీ ధూర్జటిని నేను ఇంగ్లీష్‌లో ఎలా తిట్టించను? మొండితనం అనుకోండి, నాకు పనికొచ్చింది. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్ నగర్ టీ కొట్ల దగ్గర కటాఫ్ లెక్కలేసే టైంలో ఒక శతకం పూర్తిచేయొచ్చు, ఇది మాత్రం కోపంగానే చెప్తున్నా, రోజూ పద్యం చదవనోడు పరీక్ష ముందు రోజు కొటేషన్లు బట్టీ కొడితే పేపర్ దిద్దేవాళ్ళకి తెలిసిపోదా?

ఇంటర్వ్యూ గురించి వేరేగా రాస్తా. ఈలోపు ఆ షెల్లీ టాపిక్ మీరూ రాసి చూడండి, శ్రీశ్రీని మాత్రం వాడకుండా. అందరూ ఆయన్నే వాడతారు, ఎగ్జామినర్‌కి కూడా విసుగొచ్చేసుంటుంది పాపం.