వీపు మూసిన ప్రేమాలయం జాకెట్టు

మొన్న బతుకమ్మకు ముందు ట్రంకు పెట్టె దింపి చీరలకు ఎండ చూపిస్తుంటే అడుగున వంకాయ రంగు సాటిన్ జాకెట్టు ఒకటి దొరికింది. ముందువైపు మామూలే. వెనక్కి తిప్పితే మెడ నుంచి నడుము దాకా అదే రంగు నెట్టు గుడ్డ, దాని కింద మళ్లీ లైనింగు. ఇదేం మోడల్ అని అడిగితే అమ్మ నవ్వి, "అది ప్రేమాలయం జాకెట్టే" అంది.

1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' డబ్బింగ్ అయి మనకు 'ప్రేమాలయం' అయింది కదా, అందులో మాధురీ దీక్షిత్ కట్టిన వంకాయ రంగు చీర, వీపు తీసిన బ్లౌజు దేశంలో ఏ పెళ్లిలో చూసినా అవే. మా చిన్నమ్మ అప్పటికే హన్మకొండలో ఇంటి వరండాలో మిషన్ వేసుకుని కుడుతోంది. అచ్చం మాధురిదే కావాలని అమ్మ పట్టుబడితే, "కుడుత గనీ అక్కా, వీపు కనవడ్డదంటె మీ అత్త నన్ను గడప తొక్కనియ్యది" అని ఆ నెట్టు ముక్క వేసిందట. అమ్మ ఒక్కదానికే కాదు, ఆ సీజన్‌లో వాడకట్టు మొత్తానికీ అదే నెట్టు. అంటే మాధురి ఫ్యాషన్ వరంగల్ దాకా వచ్చింది గానీ, వీపు మూసుకుని వచ్చింది.

సినిమా, ఫ్యాషన్ అంటూ రాసేవాళ్లు హీరోయిన్ పేరు చెప్తారు, ఇంకాస్త తెలిసినవాళ్లు డిజైనర్ పేరు చెప్తారు. చెప్పాల్సిందే, 1968లో 'బ్రహ్మచారి'లో ముంతాజ్ ఒంటికి అతుక్కున్నట్టు కట్టిన ఆ నారింజ చీర వెనక ఉన్నది భాను అథైయా, తర్వాత 'గాంధీ'కి ఆస్కార్ తెచ్చుకున్నావిడ. కానీ తెరకీ మన వీధికీ మధ్య టేపు మెడలో వేసుకుని ఒక మనిషి కూర్చుని ఉంటుంది. మన అత్తలు ఏమంటారో, మన ఎండ ఎంతో, మన దగ్గర డబ్బులెన్నో ఆమెకు తెలుసు.

అనార్కలినే చూడండి. 1955లో తెలుగులోనే 'అనార్కలి' వచ్చింది, అంజలీదేవిది. 1960లో 'మొఘల్-ఎ-ఆజం'లో మధుబాల. ఎప్పటి బట్టలో! నా బీటెక్ రోజుల్లో మళ్లీ ఊపందుకుని హాస్టల్‌లో అనార్కలి లేని పిల్ల లేదు. చిన్నమ్మకు మాత్రం ఆ డ్రెస్సంటే మంట. "ఐదు మీటర్లు మింగుతది, మజూరి ఇయ్యుమంటె మాత్రం మామూలు డ్రెస్సుకే ఇస్తరు" అనేది.

2018లో 'మహానటి' వచ్చాక మోచేతుల దాకా చేతులున్న జాకెట్లు, నిండు బోర్డర్ల చేనేత చీరలు మళ్లీ బయటికొచ్చాయి. ఆ సినిమా దుస్తులకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. నేనూ ఆగలేదు. మే నెలలో కాజీపేటలో పెళ్లి, పట్టుచీర మీదికి మోచేతుల జాకెట్టు. వదులు పెట్టనా అని చిన్నమ్మ రెండుసార్లు అడిగింది, అక్కర్లేదు, అతికినట్టుండాలన్నాను. సరే, జీలకర్ర బెల్లం టైముకే చంకలు తడిసి ముద్ద. అక్షింతలు వేద్దామని చెయ్యెత్తితే భుజం దగ్గర పటుక్కున కుట్టు పోయింది. అక్కడినుంచి భోజనాల దాకా పమిట కప్పుకునే తిరిగాను, ఒక్క ఫోటోలో కూడా ఆ చేతులు పడలేదు.

'ఫిదా' సంగతి వేరు. 2017లో సాయిపల్లవి బాన్సువాడ పిల్లగా మన యాసలో మాట్లాడుతూ లంగావోణీలో కనిపిస్తే మా చెల్లెళ్లకు పిచ్చెక్కింది. మా అమ్మ పదో తరగతిలో రోజూ బడికి వేసుకుపోయిన బట్ట అది. మధ్యలో ఓణీల ఫంక్షన్ ఒక్కదానికే మిగిలింది. మన దగ్గర పాతబడి మూల పడ్డదాన్ని సినిమా మళ్లీ మనకే కొత్తగా చూపించింది, మేము కూడా ఎగబడి కుట్టించుకున్నాం.

ఇంతకీ ఆ వంకాయ రంగు జాకెట్టు. మా చెల్లె దాన్ని ఒంటికి పెట్టుకుని చూసుకుని, నెట్టు తీసేసి ఇయ్యమని చిన్నమ్మ దగ్గరికి పట్టుకుపోయింది, సద్దుల బతుకమ్మకు వేసుకుంటుందట. చిన్నమ్మ కళ్లద్దాలు సర్దుకుని బ్లేడుతో రెండు కుట్లు విప్పిందో లేదో సాటిన్ పోగులు పోగులుగా ఊడొచ్చింది. "ముప్పయ్యేండ్ల గుడ్డ బిడ్డా, ముట్టుకుంటె పిగులుతున్నది. కొత్తది తేపో." పక్కన మంచంలో పడుకున్న నానమ్మ, అదే ఆ అత్త, ఇటు తిరిగి "వీపు తీసే కుట్టు, సల్లగుంటది" అంది. చిన్నమ్మ బ్లేడు పక్కన పెట్టి ఆమె వంకే చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం గుడ్డ కోసం బట్టల బజార్ పోతున్నాం. సాటిన్ మీటరున్నర చాలట, నెట్టు వద్దట.