వంకర టింకరగా ఒక ల్యాపు: నా అనుభవం

మూడోసారీ అదే మలుపు. స్టీరింగ్ తిప్పానో లేదో, కారు వెనక భాగం గిర్రున ముందుకు వచ్చేసింది. దుమ్ము తగ్గాక చూస్తే వచ్చిన దారికేసే తిరిగి కూర్చుని ఉన్నాను.

తిరుపతి శివార్లలో మా ఇంజినీరింగ్ కాలేజీ వెనకున్న తారు రోడ్డే మా ట్రాకు. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో ఇంజినీరింగ్ విద్యార్థులు తాము కట్టిన రేసు కార్లతో పోటీపడే ఫార్ములా భారత్ కోసం కారు కట్టాం. కేటీఎం 390 ఇంజిన్, రూల్ ప్రకారం ఇంజిన్‌లోకి గాలి పోయే దారిని ఇరుకు చేసే 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్, గీతలు లేని స్లిక్ టైర్లు. టీమ్‌లో అందరికన్నా బరువు తక్కువ కాబట్టి ఇద్దరు డ్రైవర్లలో నేనొకదాన్ని. అంతకుముందు నేను నడిపింది అమ్మ స్కూటీ ఒక్కటే. కాలేజీ బస్సులు వచ్చేలోపే ముగించాలి కాబట్టి డిసెంబరు చలిలో పొద్దున ఆరున్నరకే ప్రాక్టీసు.

చల్లటి స్లిక్ టైరు ప్లాస్టిక్‌తో సమానం. వేడెక్కితేనే రబ్బరు మెత్తబడి రోడ్డును పట్టుకుంటుంది. అంతవరకు పుస్తకాల్లో చదివాం. ఎలా వేడెక్కించాలో మాత్రం టీవీలో చూసి నాకు తెలుసనుకున్నాను.

ఫార్ములా వన్ చూసేవాళ్ళకు ఆ దృశ్యం పరిచయమే. ట్రాకు మీద ప్రమాదం జరిగి ముక్కలు పడితే పసుపు జెండాలు ఊపి, సేఫ్టీ కారును ముందు పంపుతారు. దాని వెనక అందరూ వరసలో, నెమ్మదిగా, ఓవర్‌టేక్ లేకుండా పోవాలి. ఆ వేగానికి టైర్లు చల్లారిపోతాయి. లోపలి ప్రెషర్ తగ్గి కారు నేలకు ఇంకాస్త దగ్గరవుతుంది. 1994లో ఇటలీలోని ఇమోలా ట్రాకులో ఫార్ములా వన్ డ్రైవర్ సెన్నా ప్రాణం తీసిన ప్రమాదానికి ముందు కూడా కార్లు కొన్ని ల్యాపులు (ట్రాకు చుట్టూ రౌండ్లు) సేఫ్టీ కారు వెనక నెమ్మదిగా తిరిగాయి. ప్రెషర్ తగ్గడం కూడా ఒక కారణమై ఉండొచ్చని వాదించేవాళ్ళున్నారు. టైర్లు అలా చల్లారకుండా ఉండాలనే డ్రైవర్లు కారును పాములా అటూ ఇటూ ఊపుతుంటారు. కట్టుతీగను పదిసార్లు వంచితే వంపు దగ్గర వేడెక్కినట్టే, టైరు కూడా నలిగి నలిగి వేడెక్కుతుంది.

సరే, నేనూ ఊపాను. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా, చూసేవాళ్ళు భయపడేలా రెండు రౌండ్లు ఊపి మలుపులోకి దూకాను. నాలుగోసారీ కారు తిరిగిపోయింది, ఈసారి మరీ వేగంగా.

నిజానికి ఇది పెద్దపెద్దవాళ్ళకే జరిగింది. ఫార్ములా వన్ డ్రైవర్లు గ్రోజాన్ 2018లో బాకూలో, రసెల్ 2020లో ఇమోలాలో సేఫ్టీ కారు వెనక టైర్లు వేడెక్కిస్తూనే గోడకు కొట్టారు. ఆ రోజు ఈ సంగతి గుర్తు తెచ్చుకునే స్థితిలో నేను లేను.

వర్క్‌షాప్ నుంచి టెంపరేచర్ గన్ తెచ్చి టైర్లు చూశాం. ముందువి కాస్త వెచ్చగా ఉన్నాయి, వెనకవి దాదాపు రాత్రి చలిలోనే ఉన్నాయి. స్టీరింగ్ తిప్పితే ఎక్కువగా నలిగేవి ముందు టైర్లే కదా! ముందు పట్టు పెరిగి, వెనక పట్టు లేకపోతే కారు తిరగక ఏం చేస్తుంది? తిరిగిపోవడానికి కావలసిన ఏర్పాట్లన్నీ నేనే చేసుకున్నానన్నమాట.

రెండో తప్పును రేణిగుంట రోడ్డులోని టైర్ల షాపు అన్న పట్టుకున్నాడు. రిమ్ములు మార్పించడానికి వెళ్తే టైరు మీద బొటనవేలు రుద్ది చూపించాడు.

“చూడు పాపా, ఇసక ఎట్లా అతుక్కోనుందో. మధ్యలో బాగుండే రోడ్డు వదిలిపెట్టి అంచులకి ఎందుకు పోతా ఉన్నావు?”

రేసు ట్రాకు మీద డ్రైవర్లు ఊపేది కొంతవరకు ఇలాంటి చెత్త వదిలించుకోవడానికే. రాలిన రబ్బరు ముక్కలు వేడి టైరుకు అంటుకుంటాయి, కారును ఊపితే రాపిడికి రాలిపోతాయి. నేను అదే పని చేసి లేని చెత్తను అంటించుకున్నాను.

విషయమంతా చెబితే అన్న నవ్వాడు. “కొండ దిగే బండ్లు చూడలేదా? బ్రేకు మింద కాలు పెట్టుకోని దిగినారంటే, అలిపిరి కాడికొచ్చేసరికి చక్రం మింద చెయ్యి పెట్టలేవు. మీకు కావాల్సింది అదే గదా!”

తిరుపతిలో పుట్టి పెరిగి ఇది నాకు తట్టలేదు! 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే. 36 హెయిర్‌పిన్ మలుపులు. నాన్న డ్రైవ్ చేస్తూ “గేర్లో దించాలి, బ్రేకు తొక్కుతూ కూర్చోకూడదు” అని అరిచేవాడు. ఘాట్‌లో మనం తప్పించుకోవాలనుకునే ఆ వేడే రేసు డ్రైవరుకు కావాలి. బ్రేకు డిస్కు చక్రం లోపలే ఉంటుంది, దాని వేడి రిమ్ముకూ, రిమ్ము నుంచి టైరుకూ పాకుతుంది. టీవీలో మళ్ళీ చూశాను. ఊపు మధ్యలో వాళ్ళు గబుక్కున వేగం పెంచి, గట్టిగా బ్రేకు వేస్తున్నారు. ఊపు కంటికి కనబడుతుంది కాబట్టి మనం దాన్నే పట్టుకుంటాం.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. నేరుగా పోతూ యాక్సిలరేటర్ తొక్కడం, అది వెనక టైర్లకు. వెంటనే గట్టి బ్రేకు, అది ముందు టైర్లకు. చివర్లో చిన్నగా రెండు ఊపులు, అదీ శుభ్రంగా ఉన్న మధ్య భాగంలోనే. ముందురోజు సాయంత్రమే రోడ్డంతా చీపుళ్ళతో ఊడ్చాం, నిజం చెప్పాలంటే సగం లాభం ఆ చీపుళ్ళదే. వారం రోజుల్లో మలుపు నా మాట వినడం మొదలుపెట్టింది.

తీరా కోయంబత్తూరులో ఇలా వేడెక్కించుకోవడానికి ల్యాపే ఇవ్వరు! దాదాపు 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ అనే సుదీర్ఘ పరుగులో సగం దూరానికి డ్రైవర్ మారాలి, అందుకు మూడు నిమిషాలు. ఆ కాసేపట్లో కారు నిలబడి టైర్లు చల్లారతాయి. నేను రెండో డ్రైవర్‌ని. మొదటి ల్యాపు మలుపుల్లో ఓపిక పట్టి, తిన్నటి రోడ్డు దొరికినప్పుడల్లా తొక్కడం, బ్రేకు వేయడం అంతే చేశాను. దిగాక, మొదటి ల్యాపు ఎందుకంత మెల్లగా పోయావని మావాళ్ళు అడిగారు. దారికి హద్దుగా పెట్టిన ప్లాస్టిక్ కోన్ ఒక్కటి కూడా పడలేదు కదా అన్నాను గర్వంగా.

రెండు పడ్డాయట. ఒక్కోదానికి రెండు సెకన్ల పెనాల్టీ. రెండూ చివరి ల్యాపులోనే, టైర్లు బాగా కాలి ఉన్నప్పుడు.