జీన్స్ జేబు, ఐదు నొక్కులు

ఎండాకాలంలో ఈ కొద్ది రోజులు షాపులో పని పల్చగా ఉంటుంది. పెళ్లి బట్టలన్నీ ఇచ్చేశాం, స్కూలు యూనిఫాంల హడావిడి ఇంకా మొదలు కాలేదు. నడుము వదులు చేయడం, జిప్పు మార్చడం, కాళ్లు పొట్టి చేయడం, ఇలాంటివే. ఎండ ముదరకముందే విజయవాడ వన్‌టౌన్ వెళ్లి వస్త్రలత బట్టల మార్కెట్లో పాకెట్ క్లాత్, కొంచెం లైనింగు తెచ్చుకున్నాను. సత్యనారాయణపురం తిరిగొచ్చేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కరెంటు ఉంది, అదే పదివేలు.

పదకొండింటప్పుడు వీధి చివరింటి మాస్టారు వచ్చారు. ఆయన వెనకాలే మేనల్లుడు. డాలస్‌లో ఉద్యోగం, సెలవు మీద వచ్చాడు. "ఏమయ్యా, వీడి ప్యాంటు జేబు కాలిందట, ఒకసారి చూడు" అంటూ క్యారీబ్యాగు కటింగ్ టేబుల్ మీద పెట్టారు.

కాలిన ప్యాంట్లు నాకు కొత్త కాదు. సిగరెట్ నిప్పు రాలి పడినవి చాలానే వస్తుంటాయి. అవి పైనుంచి కాలతాయి. చిన్న చిల్లు, చుట్టూ నల్ల అంచు, రఫూ చేస్తే సరిపోతుంది. ఈ జీన్స్‌కి పైన ఏమీ లేదు. జేబు సంచి బయటికి లాగితే అప్పుడు కనపడింది. పాలిస్టర్ కలిసిన పాకెట్ క్లాత్, అరచేతి మేర ముడుచుకుపోయి బిరుసెక్కింది. వేడి తగ్గించకుండా టెర్లిన్ మీద ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఎలా అవుతుందో అచ్చం అలాగే. మధ్యలో జిగట మరక. గోటితో గీకితే మామిడిపండు వాసన. బంగినపల్లి సీజన్లో, నూజివీడు పక్కన పెట్టుకుని, సీసాలోంచి వచ్చిన మామిడి వాసన పీల్చాల్సి వచ్చింది!

"ఏం పెట్టావు బాబూ ఇందులో?" అన్నాను.

వాళ్ల మామయ్య వైపు ఓరగా చూసి, "వేప్, అంకుల్. ఈ-సిగరెట్" అన్నాడు మెల్లగా. మాస్టారు ఫ్యాన్ కేసి చూస్తూ కూర్చున్నారు. ఇంట్లో ఆ గొడవ అప్పటికే అయిపోయినట్టుంది.

నిన్న సాయంత్రం ఎవరో చుట్టాలబ్బాయి బండి వెనక కూర్చుని బెంజ్ సర్కిల్ నుంచి వస్తున్నాడట. తొడ దగ్గర వెచ్చగా తగిలింది. మన ఎండకి అన్నీ వెచ్చగానే ఉంటాయి కాబట్టి పట్టించుకోలేదు. సిగ్నల్ దగ్గర బండి ఆగాక జేబులోంచి చిర్రుమని చప్పుడు వినిపించింది. దిగి బయటికి లాగితే చేత్తో పట్టుకోలేనంత వేడి. చర్మం ఎర్రబడింది, బొబ్బ ఎక్కలేదు. బతికిపోయాడు.

ఇప్పుడు అతనికి కావాల్సింది జేబుకి అతుకు ఒక్కటే కాదు. లోపల దళసరి గుడ్డతో ఇంకో అర, పైన ఫ్లాప్, దానికి వెల్క్రో. అలా కుడితే దాని బటన్ మళ్లీ నొక్కుకోదు కదా అని అతని ఆలోచన. పని వచ్చింది, డబ్బులొస్తాయి, వద్దనడం ఎందుకు? కానీ కుట్టేముందు సంగతి తెలుసుకోకపోతే నాకు తోచదు. ఆ వస్తువు జేబులో పెట్టుకుని స్టూలు మీద కూర్చోమన్నాను.

అరచేతిలో ఇమిడే లోహపు డబ్బా, పైన గాజు గొట్టం, పక్కన బొటనవేలు ఆనేచోట ఉబ్బెత్తు బటన్. నిలబడి ఉన్నంతసేపూ ఏమీ లేదు. కూర్చోగానే గజ్జల దగ్గర జీన్స్ మడత పడి, ఆ మడత సరిగ్గా వచ్చి బటన్ మీద కూర్చుంది. బటన్ తొడ వైపు ఉందో బయటి వైపు ఉందో చూసేంత చోటు కూడా లేదు, అంత బిగుతు ప్యాంటు. ఇప్పటి కుర్రాళ్లు కోరే ఫిట్టింగ్ ఇదే. అలాంటి చోట ఇంకో దళసరి పొర వేస్తే ఒత్తిడి పెరుగుతుందే గానీ తగ్గదు. వెల్క్రో వేస్తే వస్తువు కిందపడకుండా ఉంటుంది, అంతే. ఆ మాటే చెప్పాను. "మరి కింద తొడ మీద కార్గో జేబు కుడితే?" అన్నాడు. బండి మీద కూర్చున్నప్పుడు ఒళ్లో సంచి పెట్టుకుంటావు, అది పోయి దాని మీదే ఆనుతుంది అన్నాను.

ఈలోపు పక్క షాపు తమ్ముడు టీ తాగడానికి వచ్చాడు. మొబైళ్లు, పవర్ బ్యాంకులు, రీచార్జి టార్చీలు బాగుచేస్తాడు. ఆ వస్తువు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. లోపల ఏముందో నాకూ అర్థమయ్యేలా చెప్పింది అతనే. బటన్ నొక్కితే బ్యాటరీ నుంచి సన్నని తీగ చుట్టకి కరెంటు పోతుంది, ఆ తీగ వేడెక్కుతుంది, దాని చుట్టూ ఉన్న దూదిలోని ద్రవం ఆవిరవుతుంది. పీలిస్తే ఆ ఆవిరి నోట్లోకి వస్తుంది. ఎవరూ పీల్చకపోతే వేడి బయటికి పోయే దారి లేక ఆ లోహంలోకే దిగుతుంది. ద్రవం అయిపోతే దూదే మాడుతుంది.

"పది సెకన్లకి దానంతటదే ఆగిపోతుంది కదా" అన్నాడు మాస్టారి మేనల్లుడు. నిజమే, ఇలాంటి వాటిలో చాలావరకు ఎంతసేపు నొక్కి ఉంచినా పది సెకన్లు అటూ ఇటూగా కరెంటు కట్ చేసే ఏర్పాటు ఉంటుందట. "ఆగుతుంది బ్రదర్, కానీ గతుకులో పడి లేచినప్పుడల్లా నువ్వు వేలు తీసి మళ్లీ నొక్కినట్టే లెక్క. దానికి నీ వేలేదో, నీ ప్యాంటేదో తెలీదుగా" అన్నాడు తమ్ముడు. మన రోడ్ల మీద ఆ పది సెకన్ల లెక్క ఎన్నిసార్లు మొదటికొచ్చిందో ఊహించుకోవచ్చు.

మరి చేయాల్సిందేమిటి? బటన్ గబగబా ఐదుసార్లు నొక్కడం. అంతే. ఆ నొక్కుళ్లతో యంత్రం ఆఫ్ అయిపోతుంది, మళ్లీ ఐదుసార్లు నొక్కేదాకా పైన ఏనుగు కూర్చున్నా పలకదు. జేబులోకి పోయేముందు ఆ ఐదు నొక్కులు, తర్వాత ఇంకోసారి నొక్కి చూసి వెలగలేదని తేల్చుకోవడం. ఈ సంగతి మాస్టారి మేనల్లుడికి తెలియనిది కాదు. మధ్యమధ్యలో తీసి పీల్చే వస్తువుని ప్రతిసారీ ఎవడు ఆపుతాడు, ఎవడు తెరుస్తాడు అని బద్ధకం. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేకుండా ఉత్త గొట్టంలా ఉండే రకాలకి ఈ ఐదు నొక్కుళ్ల సౌకర్యం కూడా ఉండదట. వాటికి బటన్ కింద తిప్పే రింగు ఉంటే దాన్ని బిగించాలి, లేదంటే బ్యాటరీ బయటికి తీసేయాలి. బటనే లేకుండా పీలిస్తే పనిచేసేవి ఉన్నాయి. వాటిలో గాలిని పసిగట్టే సెన్సర్ మీదకి ద్రవం కారితే ఎవరూ పీల్చకుండానే ఆన్ అయిపోతాయని తమ్ముడు చెప్పాడు.

నాకు మా నాన్న టార్చిలైటు గుర్తొచ్చింది. ఊరెళ్లేటప్పుడు సంచిలో స్విచ్ నొక్కుకుని వెలిగిపోకుండా రెండు బ్యాటరీల్లో ఒకటి తిరగేసి పెట్టేవాడు. అదే చేయొచ్చు కదా అన్నాను. తమ్ముడు నవ్వాడు. "టార్చిలో రెండు బ్యాటరీలు ఒకదానికొకటి ఎదురు తిరిగి కరెంటు పోదు, అది బానే ఉంటుంది అన్నా. ఉత్త గొట్టం రకంలో ఒక్కటే బ్యాటరీ, అవతల తీగ చుట్ట. కరెంటు ఎటు నుంచి వచ్చినా తీగ కాలుతుంది. రెండు బ్యాటరీల ప్లస్సులు ఒకవైపు, మైనస్సులు ఒకవైపు కలిపిన వాటిలో ఒకటి తిరగేస్తే అసలుకే మోసం" అన్నాడు. నాన్న తెలివి నాన్న టార్చికే పనికొస్తుంది.

అసలు భయం వేసింది ఆ తర్వాత. కుట్టేముందు రెండో జేబు కూడా చూద్దామని ఇప్పుడు వేసుకున్న ప్యాంటు జేబులు ఖాళీ చేయమన్నాను. ఎడమ జేబులోంచి బండి తాళాల గుత్తి, చిల్లర, వాటితోపాటు ఒక విడి బ్యాటరీ టేబుల్ మీద పడ్డాయి. అదనంగా ఉంచుకున్నదట. తమ్ముడు టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

ఆ బ్యాటరీని 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, ఆ పేరు అందుకే. రీచార్జి టార్చీల్లో, పవర్ బ్యాంకుల్లో కూడా ఇవే ఉంటాయి. చుట్టూ పల్చని ప్లాస్టిక్ తొడుగు. దీని తొడుగు పైఅంచున తాళాలు గీసుకుని చిరిగి, కింద తెల్లగా లోహం కనపడుతోంది. ఆ లోహపు డబ్బా మొత్తం నెగటివ్ అట, పాజిటివ్ అంటే పైన ఉన్న చిన్న బొడిపె ఒక్కటే. రెండిటికీ మధ్య ఎడం తాళంచెవి ములుకంత కూడా లేదు. చిరిగినచోట తాళంచెవి అడ్డంగా పడితే చాలు, మధ్యలో ఆపే స్విచ్ లేదు, పది సెకన్ల లెక్క లేదు, ఉన్న కరెంటంతా ఒక్కసారి ఇనుములోంచి పరిగెడుతుంది. తాళంచెవి ఎర్రగా కాలొచ్చు. బ్యాటరీ లోపల వేడి ఒక హద్దు దాటితే ఆ వేడే ఇంకా వేడిని పుట్టిస్తుంది, ఇక ఆపడం మన చేతిలో ఉండదు. కాలిందని కుడి జేబు తెచ్చాడు గానీ, పేలాల్సింది ఎడమ జేబు.

అమెరికాలో ఫైర్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లు 2017లో ఒక నివేదిక ఇచ్చారని తమ్ముడు ఫోన్లో తీసి చూపించాడు. 2009 నుంచి 2016 దాకా అక్కడి వార్తల్లో వచ్చిన 195 ప్రమాదాలు ఏరి చూస్తే, 61 జరిగింది ఆ వస్తువో దాని విడి బ్యాటరీయో జేబులో ఉన్నప్పుడట. అంటే ఎవరూ వాడకుండా, తమ మానాన తాము పోతున్నప్పుడు. చార్జింగ్‌లో ఉన్నప్పుడు జరిగినవి అంతకంటే తక్కువ. మనం చార్జర్ దగ్గర భయపడతాం, జేబులో నిశ్చింతగా వేసుకుంటాం.

మాస్టారు అప్పటిదాకా ఊరుకున్నవారు ఊరుకోలేకపోయారు. "ఇది ఇక్కడ తేకూడదు, అమ్మకూడదు. 2019లోనే చట్టం వచ్చింది. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా" అన్నారు. మాస్టారు కదా, చట్టం సంవత్సరంతో సహా చెప్పారు. దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధమేనట. మేనల్లుడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను మధ్యలో దూరలేదు. నా షాపుకి వచ్చింది జేబు గురించి, ఊపిరితిత్తుల గురించి కాదు. ఆ గొడవ మామా అల్లుళ్లు ఇంట్లో తేల్చుకుంటారు.

ఆ విడి బ్యాటరీని ఇక వాడొద్దని తమ్ముడు రెండు కొసలకీ సెల్లోటేప్ అంటించి తన దగ్గరే ఉంచుకున్నాడు, పాత బ్యాటరీలు తీసుకునేవాళ్లకి ఇస్తాడు. విడి బ్యాటరీ ఇంకోటి మోయాల్సి వస్తే మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బీలో ఒంటరిగా ఉండాలి. తాళాలు, చిల్లర దాని దరిదాపులకి రాకూడదు. బండి డిక్కీలో పడేద్దామంటే మన ఎండలో అది ఇంకా పాపం. తిరుగు ప్రయాణంలో విమానంలో ఎలా అన్న మాట వచ్చింది. విడి బ్యాటరీ చెక్‌ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి, లోపల చార్జింగ్ పెట్టకూడదని అతనికే తెలుసు. ఆకాశంలో పాటించేవాడు బెంజ్ సర్కిల్లో ఎందుకు పాటించడు?

నా పని సంగతి. ముడుచుకున్న సంచి మొత్తం తీసేసి పొద్దున తెచ్చిన వాటిలోంచి నూలు పాకెట్ క్లాత్ వేశాను. వేడి తగిలితే పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుపోతుంది, నూలు మాడుతుంది గానీ అంటదు. ఫ్లాప్ వద్దు, వెల్క్రో వద్దు. వస్తువు ఆఫ్ చేసి ఏదైనా గట్టి డబ్బాలో పెట్టి సంచిలో వేసుకో అన్నాను. గట్టి డబ్బా అంటే ఎలాంటిదని అడిగితే, మాస్టారి చొక్కా జేబులోంచి కళ్లజోడు పెట్టె తీసి చూపించాను. కొలిచినట్టు సరిపోయింది. మూత వేసి పైనుంచి ఎంత ఒత్తినా బటన్‌కి తగలదు.

మేనల్లుడు పెట్టె తీసేసుకున్నాడు. "మరి నా కళ్లజోడు?" అన్నారు మాస్టారు.

చొక్కా జేబు లోతు చాలడం లేదట, వంగినప్పుడు జారిపోతోందట. జేబు రెండంగుళాలు పెంచి ఇమ్మన్నారు. ఆ రంగు గుడ్డ నా దగ్గర లేదు, చొక్కా తెస్తే కిందిమడతలోంచి తీసి వేస్తానని చెప్పాను. మొత్తం మీద నలభై రూపాయలు బేరమాడి, జీన్స్ డబ్బులు మేనల్లుడి చేత ఇప్పించారు.