నలభై రెండు వేల రైఫిల్ సైట్ కొనే ముందు నేను చేసిన పని

నాది హిందూపురం. పద్నాలుగేళ్లుగా బెంగళూరు పీణ్యలో ఒక మెషిన్ షాపులో ఇన్‌స్పెక్షన్ పని చేస్తున్నాను. రెండున్నరేళ్ల క్రితం మా అబ్బాయిని ఎయిర్ రైఫిల్ నేర్పే రేంజ్‌లో చేర్పించడానికి వెళ్లి, నేనూ పేరు రాయించుకున్నాను. అప్పటికి నాకు 42. వాడు ఆరు నెలలకే క్రికెట్‌కి వెళ్లిపోయాడు. నేను ఉండిపోయాను.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. దూరం 10 మీటర్లు. పెల్లెట్, అంటే కాల్చే చిన్న గుండు, 4.5 మిల్లీమీటర్లు. టార్గెట్ మీద నల్ల వృత్తం 30.5 మిల్లీమీటర్లు, దాని నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. టెలిస్కోపు పెట్టుకోనివ్వరు. గొట్టం చివర ఒక రింగు ఉంటుంది. వెనక, కంటి దగ్గర, గురి చూడటానికి సన్నటి రంధ్రమున్న సైట్ ఉంటుంది, దాన్ని డయాప్టర్ అంటారు. ఆ రంధ్రంలోంచి చూసినప్పుడు ముందు రింగులో నల్ల వృత్తం సరిగ్గా మధ్యలో కూర్చోవాలి. పెల్లెట్ పక్కకి పడుతుంటే సైట్‌కున్న నాబ్ తిప్పి సరిచేసుకుంటాం. ఒక్కో క్లిక్కుకీ రంధ్రం వెంట్రుకవాసి జరుగుతుంది.

నా ఇబ్బంది ఆ నాబ్ దగ్గరే మొదలైంది. పెల్లెట్లు కుడివైపు పడుతున్నాయని నాలుగు క్లిక్కులు తిప్పితే ఏమీ మారేది కాదు. ఇంకో మూడు తిప్పితే ఒక్కసారిగా ఎడమకి దూకేవి. మళ్లీ వెనక్కి తిప్పితే మళ్లీ అదే కథ. ఏడాదిన్నర సాధన చేసినా 60 షాట్లకి 580 దాటలేదు. అన్నీ నట్టనడుమ పడితే 654. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచేనాటికి, ఫైనల్‌కి ముందు జరిగే క్వాలిఫికేషన్‌లో పది అంటే పదే. 2013 నుంచి అక్కడా దశాంశాల్లోనే లెక్క. చుక్క అంచున తాకితే 10.0, నట్టనడుమ పడితే 10.9. పావు మిల్లీమీటరుకి 0.1 చొప్పున పోతుంది.

రేంజ్‌లో అందరిదీ ఒకటే మాట. "రైఫిల్‌తో వచ్చిన సైట్ పనికిరాదన్నా, జర్మన్‌ది తెప్పించుకో." ధర అడిగితే 42 వేలు చెప్పారు. నా రైఫిల్ మీదున్న సైట్ విడిగా ఏడు వేలకి దొరికేది. నాకు అంత డబ్బు ఊరికే రాదు. అబ్బాయి స్కూల్ ఫీజు కట్టాల్సిన నెల అది. మా ఆవిడ వద్దనలేదు, "కొంటే స్కోరు పెరుగుతుందని గట్టిగా తెలుసా?" అని మాత్రం అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. రాత్రుళ్లు అదే టెన్షన్.

అప్పుడు తట్టింది. నాలుగు క్లిక్కుల దాకా కదలకుండా తర్వాత దూకడమంటే, అది నేను రోజూ షాపులో చూసేదే. పాత లేత్ మిషన్‌లో స్క్రూకీ నట్టుకీ మధ్య మర అరిగితే ప్లే వస్తుంది. హ్యాండిల్ వెనక్కి తిప్పితే కాసేపు ఖాళీగా తిరుగుతుంది, దాంతో జరగాల్సిన స్లైడ్ మాత్రం కదలదు. సైట్ లోపలా స్క్రూ, స్లైడే కదా.

శనివారం షిఫ్టు అయ్యాక సూపర్‌వైజర్‌ని అడిగి సర్ఫేస్ ప్లేట్, అంటే కొలతలు తీసే చదునైన బల్ల, వాడుకున్నాను. సైట్‌ని బిగించి, రంధ్రముండే భాగానికి డయల్ గేజ్ మొన ఆనించాను, ఏమాత్రం కదిలినా గేజ్ మీద ముల్లు చూపిస్తుంది. పది క్లిక్కులు కుడికి, అదే పది ఎడమకి. ముల్లు సున్నాకి రాలేదు, 0.11 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది. మళ్లీ చేశాను. 0.10. ఇంకోసారి 0.12. జిరాక్స్ కాగితం మందమంత ప్లే.

కాగితం మందమే కదా అనిపించవచ్చు. నా రైఫిల్ మీద వెనక సైట్ నుంచి ముందు సైట్‌కి 80 సెంటీమీటర్లు, టార్గెట్ 10 మీటర్లు. సైట్ దగ్గరి తప్పు టార్గెట్ దగ్గరికి వెళ్లేసరికి పన్నెండున్నర రెట్లవుతుంది. 0.11 అంటే అక్కడ సుమారు 1.4 మిల్లీమీటర్లు, అంటే అర పాయింటు పైనే. ఒక్క షాట్‌కి.

చిత్తూరు కుర్రాడొకడు మా రేంజ్‌లోనే ప్రాక్టీస్ చేస్తాడు, ఇంజినీరింగ్ మూడో ఏడు. వాడి దగ్గర జర్మన్ సైట్ ఉంది. "ఒక్క ఆదివారం ఇస్తావా తమ్ముడూ, జాగ్రత్తగా చూసుకుంటాను" అంటే, "తీసుకెళ్లన్నా, ఏం తేలిందో నాకూ చెప్పు" అని విప్పి చేతిలో పెట్టాడు. దాన్ని ప్లేట్ మీద పెట్టి పది అటు, పది ఇటు తిప్పాను. ముల్లు కచ్చితంగా సున్నా మీదికి వచ్చి నిలబడింది. ఇరవై అటు, ఇరవై ఇటు. మళ్లీ సున్నానే. లోపలి స్ప్రింగ్ స్లైడ్‌ని ఎప్పుడూ ఒకే వైపుకి గట్టిగా నొక్కి పెడుతుంది కాబట్టి మరలో ఖాళీ ఉన్నా బయటికి తెలియదు. ఎన్నో కొలతలు తీసినవాణ్ని, ఆ ముల్లు ఆగిన తీరు చూస్తే ముచ్చటేసింది. 42 వేలు ఎక్కడికి పోతున్నాయో ఆ క్షణాన అర్థమైంది.

అయినా వెంటనే కొనలేదు. లేత్ మీద ప్లే ఉంటే మేం మిషన్ పారేయం. ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చి కొలతకి ఆగుతాం. అదే ఇక్కడ చేశాను. ఎడమకి వెళ్లాలన్నా ముందు ఎక్కువగా ఎడమకి పోయి, చివరి క్లిక్కులు కుడికి తిప్పి ఆపడం. పక్క ఆదివారం రేంజ్‌లో ఇసుకసంచి మీద రైఫిల్ ఆనించి పేపర్ టార్గెట్ మీద పరీక్షించాను. ఐదు షాట్లు, ఇరవై క్లిక్కులు కుడికి, ఐదు షాట్లు, ఇరవై కిందికి, తర్వాత ఎడమకి, ఆ తర్వాత పైకి. చతురస్రం తిరిగి మొదటి రంధ్రం దగ్గరికే రావాలి. (స్కోపులు వాడేవాళ్లూ తమ స్కోపుని ఇలాగే పరీక్షిస్తారు.) మామూలుగా తిప్పితే నా సైట్ ఒకటిన్నర మిల్లీమీటరు పక్కకి వచ్చింది. ఒకవైపు నుంచే ఆపితే అర మిల్లీమీటరులోపే. ఏడు వేల సైట్‌తోనే.

దాంతో ఎడమకుడి దూకుడు తగ్గింది. పైకీ కిందికీ చెదరడం మాత్రం తగ్గలేదు. అసలు మాట ఇక్కడుంది. కుర్రాడి జర్మన్ సైట్ పెట్టి కాల్చినా పైకీ కిందికీ అలాగే చెదిరాయి. పదిహేను షాట్ల తర్వాత ముందు రింగు అంచు మసకబారిపోతోంది. సైట్‌లో అద్దమేమీ లేదు, ఉన్నది రంధ్రమే. మసక నా కంట్లో ఉంది.

మల్లేశ్వరంలో కళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, గొట్టం పొడవు చెప్పి, ఎక్కడ చూడాలో వివరించాను. నా దూరం అద్దాలు మైనస్ 1.25. నలభై దాటాక ఆ అద్దాలతో మీటరు దూరంలోని రింగు మీద చూపు ఎక్కువసేపు నిలపడం కష్టమేనని, షూటింగ్ కోసం అద్దం పవర్ అర తగ్గించి మైనస్ 0.75 పెట్టుకోమని చెప్పింది. ఒక్క కంటికి లెన్స్ వేయించడానికి 1,800 అయింది. మొదటి రోజే రింగు అంచు గీసినట్టు కనిపించింది. నిజంగా కళ్లు చెమర్చాయి. రెండు నెలల్లో 580 నుంచి 591కి వచ్చాను.

తర్వాత రంధ్రం సైజు మార్చుకునే ఐరిస్ ఒకటి కొన్నాను, ఆరున్నర వేలు. సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద కాస్త పెద్దది, పగలు చిన్నది. దాని లాభం చిన్నదే, కానీ కన్ను అలసిపోవడం తగ్గింది.

జర్మన్ సైట్ కూడా చివరికి కొన్నాను, ఎనిమిది నెలల తర్వాత. షూటింగ్ మానేసిన ఒకాయన దగ్గర పాతది 23 వేలకి దొరికింది. డబ్బిచ్చే ముందు డయల్ గేజ్ కింద పెట్టే తీసుకున్నాను. దానితో స్కోరు ఇంకో నాలుగు పాయింట్లు పెరిగింది. మ్యాచ్‌లో, మధ్యలో రెండు క్లిక్కులు తిప్పాల్సి వచ్చినప్పుడు, చేతికి భయం లేదు. 590 దాటినవాళ్లకి ఆ ధర తగినదే అంటాను. 580 దగ్గర ఉన్నప్పుడే కొనుంటే, మసక కంటితో ఖరీదైన రంధ్రంలోంచి చూస్తూ తప్పంతా నా నిలబడే తీరులోనే ఉందనుకుని కుమిలిపోయేవాణ్ని.

పాత సైట్‌ని క్లబ్ రైఫిల్‌కి ఇచ్చేశాను. నాబ్ పక్కన తెల్ల టేపు అంటించి "ఎప్పుడూ కుడికి తిప్పి ఆపండి" అని రాశాను, కింద కన్నడలోనూ రాయించాను. పోయిన వారం దాంతో కాలుస్తున్న ఒకమ్మాయి, ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటోంది, "అన్నా, నేను మంచి సైట్ కొనుక్కోవాలా?" అని అడిగింది. ముందు కళ్లు చూపించుకున్నావా అని అడిగాను. లేదంది. డాక్టరమ్మ నంబరిచ్చి, ఆదివారం ఇసుకసంచి తెస్తానని చెప్పాను.