ఆపి ఉంచితేనే కారే గేర్‌బాక్సు: పాత కారులో ఏటీఎఫ్ లీకు పట్టుకున్న తీరు

రోజూ తిప్పినన్నాళ్లు బండి కింద ఒక్క చుక్క ఉండదు. రెండు మూడు వారాలు ఆపి ఉంచితే మాత్రం గేర్‌బాక్సు కింద అరచేతిని మించిన ఎర్రటి మడుగు. 1970ల నాటి కారు, జనరల్ మోటార్స్ వారి టర్బో హైడ్రామాటిక్ 350 ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ఇలాంటి లీకు కనబడగానే అందరూ ముందు పాన్ (గేర్‌బాక్సు అడుగున నూనె నిలిచే పళ్లెం) గ్యాస్కెట్ మారుస్తారు. నేనూ మార్చాను, మడుగు తగ్గలేదు. ఆ తర్వాతే ఒక క్రమంలో వెతకడం మొదలుపెట్టాను. చివరికి దీన్ని పట్టించింది, అది కారే వేళ.

మొదట కారేది ఏ నూనో తేల్చుకోవాలి. శుభ్రమైన తెల్ల అట్ట ఒకటి బండి కింద పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గీత గీశాను. ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే నూనె, ఎర్రగా, పలచగా ఉంటుంది. పాతబడితే గోధుమరంగుకి తిరుగుతుంది కాబట్టి ఇంజన్ ఆయిల్ అని పొరబడే అవకాశం ఉంది. ఆ కాలపు చాలా బండ్లలో పవర్ స్టీరింగ్‌లోనూ ఏటీఎఫ్‌నే పోస్తారు, అందుకని ఎరుపు కనిపించినంత మాత్రాన గేర్‌బాక్సుదే అనుకోకూడదు. స్టీరింగ్ పంపు, గొట్టాలు, రేడియేటర్‌కి వెళ్లే కూలర్ పైపులు చేత్తో తడిమి చూశాను. అన్నీ పొడిగానే ఉన్నాయి. అట్ట మీది మరక గేర్‌బాక్సు మధ్యభాగానికి కింద, ఎడమవైపు పడింది.

తర్వాత నూనె లెవెల్, అంటే డిప్‌స్టిక్ (మట్టం కొలిచే కడ్డీ) మీద కనిపించే మట్టం. దీని దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. ఇది చూడాల్సింది బండి సమతలం మీద ఉండగా, గేర్‌బాక్సు బాగా వేడెక్కాక, లీవరు పార్క్‌లో పెట్టి, ఇంజన్ ఐడిల్‌లో నడుస్తుండగా. లెవెల్ మరీ ఎక్కువైతే తిరిగే భాగాలు నూనెను చిలికి నురగ చేస్తాయి. ఆ నురగ పైనున్న గాలి రంధ్రం గుండా బయటికొచ్చి బెల్ హౌసింగ్ (ఇంజన్‌కి ఆనుకునే గేర్‌బాక్సు ముందుభాగం) మీదుగా కిందికి దిగుతుంది. చూసేవాళ్లకి అచ్చం గేర్‌బాక్సు ముందువైపున్న నూనె పంపు సీలు పోయినట్టే ఉంటుంది. కేవలం అర లీటరు ఎక్కువ పోసినందుకు గేర్‌బాక్సు మొత్తం దించే పని ఎవరికీ రాకూడదు. అందుకే లెవెల్ సరిచేయకుండా మరే పరీక్షా చేయవద్దు.

పాత జిడ్డు మీద కొత్త లీకు కనపడదు. బండిని స్టాండ్ల మీదకి ఎత్తి, చక్రాలకి అడ్డాలు పెట్టి, డీగ్రీజర్‌తో గేర్‌బాక్సు కేసు (బయటి గుల్ల) అంతా కడిగాను. మూలల్లో బ్రేక్ క్లీనర్ కొట్టి, గాలితో ఆరబెట్టాను. డిప్‌స్టిక్ గొట్టంలోంచి 30 మిల్లీలీటర్ల యూవీ డై పోసి, అన్ని గేర్లూ పడేలా ఇరవై నిమిషాలు నడిపాను. పసుపు కళ్లద్దాలు పెట్టుకుని యూవీ టార్చి వేస్తే డై ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. నడిచే బండి కింద గాలి నూనెను వెనక్కి తోస్తుంది, బరువు కిందికి లాగుతుంది. కాబట్టి తడి ఉన్నచోట్లన్నిటిలోకీ పైన, ముందు ఉన్నదే అసలు మూలం.

ముందువైపు ఖర్చు ఎక్కువ కాబట్టి అక్కడ కాస్త ఓపిక పట్టి చూశాను. బెల్ హౌసింగ్ కింది రేకు విప్పితే ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజన్‌ను కన్వర్టర్‌కి కలిపే పలచటి చక్రం), కన్వర్టర్ (ఇంజన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్సుకి అందించే డ్రమ్ము) కనిపిస్తాయి. ఫ్లెక్స్‌ప్లేట్‌కి ఇంజన్ వైపు తడి ఉంటే అది చాలావరకు ఇంజన్ వెనక సీలు నుంచి వచ్చిన ఆయిల్. కన్వర్టర్ వెనకవైపు తడిసి, హౌసింగ్ లోపలి గోడకి చుట్టూ నూనె చిమ్మినట్టుంటే పంపు సీలు, లేదా కన్వర్టర్ వెల్డింగ్. చిమ్మిన జాడ లేకుండా గోడ వెంట పైనుంచి ధారగా దిగితే పంపు బయటి ఓ రింగు, లేదా పంపు బోల్టుల వాషర్లు. సీలు పోయిందని తేలినా సీలొక్కటే మార్చి మూసేయకండి. పంపు బుష్ (తిరిగే భాగానికి ఆధారంగా ఉండే లోహపు తొడుగు) అరిగినా, కన్వర్టర్ మెడ మీద గాడి పడినా కొత్త సీలు కూడా ఎక్కువకాలం నిలవదు. నా బండిలో ఆ భాగమంతా పొడిగా ఉంది.

గేర్‌బాక్సు వెనక సీలుకీ ఇదే లెక్క. వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను గేర్‌బాక్సుకి కలిపే యోక్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఊపితే చేతికి తెలిసేంత ఆట ఉంటే బుష్ పోయినట్టు. ఇక వ్యాక్యూమ్ మాడ్యులేటర్, అంటే ఇంజన్ పీల్పును బట్టి గేర్ల మార్పును సర్దే చిన్న డబ్బా. దీని డయాఫ్రమ్ చిరిగితే నూనె బయటికి కారదు, ఇంజన్ లోపలికి పీల్చుకుంటుంది. సైలెన్సర్‌లోంచి తెల్లపొగ వస్తుంది, కింద మరక లేకుండానే లెవెల్ పడిపోతుంది. రబ్బరు గొట్టం పీకి లోపల పుల్ల పెట్టి చూస్తే చాలు, నూనె తగలకూడదు. ఇక్కడా తగల్లేదు.

అంటే ఒత్తిడి ఉన్నప్పుడు కారే చోట్లన్నీ బాగున్నాయి. ఆగాక కారుతోందంటే లోపల లెవెల్ పెరుగుతోందని అర్థం. కన్వర్టర్ లీటర్ల కొద్దీ నూనె పట్టి ఉంచుతుంది. ఇంజన్ ఆగి పంపు నిలిచిపోయాక ఆ నూనె అరిగిన సందుల్లోంచి రోజుల తరబడి మెల్లగా పాన్‌లోకి దిగుతుంది. మూడు వారాలు ఆపిన బండికి స్టార్ట్ చేయకముందు డిప్‌స్టిక్ తీస్తే నూనె ఫుల్ గీత దాటి నాలుగు వేళ్ల ఎత్తున ఉంది. స్టార్ట్ చేసి కాసేపు నడవనిస్తే మళ్లీ కిందికి దిగింది. మామూలుగా నూనె మట్టానికి పైన ఉండే సీళ్లు అప్పుడు మునిగిపోతాయి. అలా మునిగేవాటిలో ముఖ్యమైనవి మూడు: డిప్‌స్టిక్ గొట్టం మొదట్లో ఉండే సీలు, కిక్‌డౌన్ కేబుల్ (యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కింది గేరు వేయించే తీగ) ఓ రింగు, గేరు లీవరు కలిసే సెలెక్టర్ షాఫ్ట్ సీలు. మొదటి రెండూ కుడివైపు, మూడోది ఎడమవైపు.

మూడు చోట్లా కేసును మళ్లీ తుడిచి, టాల్కమ్ పౌడరు పల్చగా అద్ది, బండిని ముట్టుకోకుండా వదిలేశాను. నాలుగో రోజున సెలెక్టర్ షాఫ్ట్ చుట్టూ తెల్లపొడి గులాబీరంగు ఉంగరంలా తడిసింది. టార్చి వేసి చూస్తుంటే షాఫ్ట్ కిందంచున చిన్న పూస తయారై, లీవరు మీదుగా జారి, పాన్ అంచున ఆగి, అక్కడినుంచి అట్ట మీద పడింది. పాన్ అంచున చుక్క వేలాడుతుంటే గ్యాస్కెట్‌ను అనుమానించకుండా ఎవరుంటారు!

సీలు మార్చాలంటే పాన్ దించాలి. కంపెనీ పాన్‌కి డ్రెయిన్ బోల్టు ఉండదు. పదమూడు బోల్టుల్లో ఒకవైపువి వదులు చేసి, పాన్‌ను వంచి మూడు నాలుగు లీటర్లు వంపుకోవాలి. చల్లారాకే. లోపల షాఫ్ట్ నట్టు విప్పి, అడ్డంగా ఉన్న పిన్ను లాగితే షాఫ్ట్ బయటికొస్తుంది. పాత సీలు రబ్బరు గోరుకి విరిగేంత గట్టిపడింది. షాఫ్ట్ అంచున ఉన్న గరుకును సన్నటి ఎమెరీ కాగితంతో తీశాను, లేకపోతే తొడుగుతున్నప్పుడే కొత్త సీలు పెదవి తెగుతుంది. సీలుకి ఏటీఎఫ్ రాసి, సరిపోయే సాకెట్‌తో కేసుకి సమంగా దిగేదాకా మెల్లగా కొట్టాను.

పాన్ అంచును బల్ల మీద పెట్టి చూస్తే బోల్టు రంధ్రాల దగ్గర గుంటలు పడి ఉన్నాయి, ఎవరో అతిగా బిగించిన గుర్తు. వాటిని సుత్తితో చదును చేసి, కొత్త ఫిల్టరు, కొత్త గ్యాస్కెట్ పెట్టి, బోల్టులను ఒకదాని తర్వాత దాని ఎదుటిది చొప్పున రెండు విడతల్లో సుమారు 15 న్యూటన్ మీటర్లకి బిగించాను. గ్యాస్కెట్‌కి సిలికాన్ రాయలేదు, ఆ ముక్కలు ఊడి ఫిల్టరుకి అడ్డం పడతాయి.

వంపినంత నూనె ఒక్కసారే పోయకుండా మూడు లీటర్ల దగ్గర ఆపి, ఇంజన్ స్టార్ట్ చేసి, లీవరును అన్ని స్థానాల్లోనూ ఒకసారి తిప్పి, వేడెక్కాక కొంచెం కొంచెంగా కలిపాను. డిప్‌స్టిక్ మీద యాడ్, ఫుల్ గీతల మధ్య తేడా దాదాపు అర లీటరే. కన్వర్టర్‌లోంచి నూనె దిగడం ఇప్పటికీ ఆగలేదు, మూడు వారాలు ఆపితే డిప్‌స్టిక్ మళ్లీ ఫుల్ దాటే చూపిస్తోంది. అట్ట మాత్రం తెల్లగానే ఉంది.