బాలాపూర్‌లో ఒక అడ్మిషన్

టీచర్‌గా రిటైరయ్యాక హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్ వైపు, మయన్మార్ నుంచి శరణార్థులుగా వచ్చిన రోహింగ్యా కుటుంబాల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో చేరాను. మీర్‌పేటలో ఉన్న మా ఇంటికి ఆ బస్తీలు దగ్గరే. అడ్మిషన్ల పని నాకు కొట్టిన పిండే కదా అని, బడి ముఖం చూడని తొమ్మిదేళ్ల పాపని సర్కారు బడిలో చేర్పించే బాధ్యత నాకే అప్పజెప్పారు. తీరా దిగాక చూస్తే, బడితో మాట్లాడటం కన్నా అదే బస్తీలో తిరిగే మిగతా సంస్థల్ని ఒకచోట కూర్చోబెట్టడమే పెద్ద పనైంది.

మొదటిసారి వెళ్లినప్పుడు పాప తల్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి చాప మీద బోర్లించింది. శరణార్థులని ఐక్యరాజ్యసమితి సంస్థ ఇచ్చే యూఎన్ కార్డుల జిరాక్సులు, టీకాల కార్డు, ఆసుపత్రి ఓపీ చీటీలు, వాటి మధ్య రకరకాల సంస్థల విజిటింగ్ కార్డులు. ఆ కార్డులన్నీ వరసగా పేర్చి, "వీళ్లలో మీరెవరు మేడమ్?" అని హిందీలో అడిగింది. వెటకారమేం కాదు, నిజంగానే తెలియక అడిగింది. రేషన్ కిట్లు ఇచ్చేవాళ్లు వేరు, టీబీ మందులు వేసుకుంటున్నారో లేదో చూసేవాళ్లు వేరు, పిల్లలకి సాయంత్రం పాఠాలు చెప్పేవాళ్లు వేరు. ఎవరొచ్చినా మయన్మార్‌లోని రఖైన్ నుంచి ఎలా బయటపడ్డారో మొదటి నుంచీ చెప్పించుకుని, ఫారం నింపుకుని పోయేవాళ్లే. ఆ సాయంత్రం పాఠాల సెంటర్లో పాప రెండేళ్లుగా చదువుతున్న సంగతి మా సంస్థకి తెలియదు. పాపకి ఇంకా అడ్మిషన్ రాలేదన్న సంగతి టీబీ చూసేవాళ్లకి తెలియదు.

మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. శ్రీలంక తమిళుల, టిబెటన్ల వ్యవహారం ప్రభుత్వమే చూసుకుంటుంది. మయన్మార్ నుంచి వచ్చినవాళ్ల దరఖాస్తులు ఢిల్లీలోని యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ) పరిశీలించి కార్డు ఇస్తుంది. హైదరాబాద్‌లో దాని భాగస్వామిగా కోవా అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్లపాటు పనిచేసింది. అయితే ఆ కార్డు చూపిస్తే ప్రతి ఆఫీసులో పని జరుగుతుందని కాదు. ఎదురుగా కూర్చున్న అధికారికి దాని గురించి ముందు చెప్పి ఒప్పించాలి.

హెడ్మాస్టరు గారు మర్యాదస్తులే. "నాకేం అభ్యంతరం లేదు మేడమ్. కానీ ఆధార్ లేకుండా ఆన్‌లైన్‌లో ఎలా ఎక్కించను? రేపు తనిఖీలో అడిగితే నేనేం చెప్పను?" అన్నారు. ఆ కుర్చీ టెన్షన్ నాకు తెలుసు కాబట్టి ఆయన మీద కోపం రాలేదు. ఆయనకి కావలసింది పైనుంచి ఒక మాట. విద్యాహక్కు చట్టంలో ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు ప్రతి బిడ్డకీ అని ఉంది, పౌరసత్వం ఊసే లేదు. వయసు రుజువు లేదని అడ్మిషన్ ఆపకూడదని 14వ సెక్షన్, వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలని 4వ సెక్షన్ చెబుతున్నాయి. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల చదువు గురించి వేసిన కేసులో, ఆ పిల్లలు అడ్మిషన్ కోసం నేరుగా సర్కారు బడులకే వెళ్లవచ్చని, కాదంటే హైకోర్టుకి వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో అంది. ఈ సంగతులన్నీ న్యాయ సహాయం చేసే సంస్థ లాయరు దగ్గర ఉన్నాయి. వయసు చెప్పే టీకాల కార్డు సంగతి హెల్త్ వర్కరుకి తెలుసు. పాప ఏ తరగతికి సరిపోతుందో సెంటర్ టీచరుకి తెలుసు. ముగ్గురూ అదే గల్లీలో తిరుగుతున్నా ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరి దగ్గర లేదు.

అందర్నీ ఒకచోట కూర్చోబెడితే మొదటి మీటింగంతా 'ఈ పాప ఎవరి లెక్కలోకి వస్తుంది' అన్న దాంతోనే సరిపోయింది. దాతలకి లబ్ధిదారుల సంఖ్య చూపించాలి కదా, ఎవరి గోల వాళ్లది. వాళ్లని తప్పుపట్టను గానీ, ఆ తల్లి పేర్చిన కార్డుల వరస చూసినవాళ్లెవరూ 'పాప మా లెక్కే' అని అంత గట్టిగా అనలేరు. అసలు విషయం మీటింగులోనే ఉన్న పాప తండ్రి నోట వచ్చింది. మా కార్డు నంబరు, ఇంటి అడ్రసు ఇంతమంది దగ్గర ఎందుకు, ఆ కాగితం రేపు ఎవరి చేతిలో పడుతుందో అన్నాడు. గది ఒక్కసారిగా చల్లబడింది.

అక్కణ్నుంచి పని కదిలింది. ఒక్కో కుటుంబానికి ఒక్కరే బాధ్యులు. పూర్తి పేరు, కార్డు నంబరు ఆ ఒక్కరి దగ్గరే ఉంటాయి. మిగతావాళ్లకి వెళ్లే చీటీలో ఒక కోడ్, ఏం కావాలో ఒక్క ముక్క, కుటుంబం ఒప్పుకుందన్న టిక్కు మాత్రమే. వాళ్ల కథ ఎవరూ మళ్లీ అడగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఈ ఫొటోల షరతు మా హెడ్డాఫీసు ఒప్పుకోదని ఒక సంస్థ తప్పుకుంది. పోనీలే అనుకున్నాం.

తర్వాత మండల విద్యాధికారి ఆఫీసు. అందరం కలిసి ఒకే ఉత్తరం ఇద్దామంటే ఎవరి లెటర్‌హెడ్ మీద అని మళ్లీ పేచీ. చివరికి జిరాక్స్ షాపులో తెల్లకాగితం కొని దాని మీదే రాసి, అడుగున అందరూ ముద్రలు వేశారు. వాటిలో ఒకటి తలకిందులుగా పడింది. అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్ని సంస్థలున్నాయా అక్కడ?" అని, చేర్చుకోమని హెడ్మాస్టరుకి రాసిచ్చారు. జూన్‌లో బడిబాట నడుస్తుండగానే పాప పేరు రిజిస్టర్లో ఎక్కింది. నాలుగో తరగతి.

ఆ చీటీ పద్ధతి ఇప్పుడు గర్భిణుల కేసులకీ వాడుతున్నాం. ప్రసవానికి ముందే ఆసుపత్రికి ఎవరు తోడు వెళ్తారో తేలిపోతోంది. తేలనిదల్లా ఇళ్లు మారే కుటుంబాల సంగతి. అద్దె పెంచితే చాలు, సామాను కట్టుకుని హఫీజ్ బాబా నగర్ వైపు వెళ్లిపోతారు. టీసీ ఆలస్యమైందని కొత్త బడి అడ్మిషన్ ఆపకూడదని 5వ సెక్షన్ చెబుతోంది గానీ, ఆ బడి ఉన్న మండలం వేరు, అధికారి వేరు. అక్కడ పనిచేసే సంస్థలతో మాట్లాడే బాధ్యత ఈసారి లాయరు తీసుకున్నారు.